ఇంట్లో ఒకరికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినప్పుడు: ఏ పరీక్ష, ఎవరికి, ఏది ముందు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలలో ఎవరికైనా ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలినప్పుడు, వైద్యం గురించిన ఆందోళన వెంటనే మరొక ప్రశ్న కూడా ఇంట్లోకి వస్తుంది. ఇది వంశంలో ఉన్న జబ్బా, పిల్లలకు కూడా వస్తుందా, ముందుగా తెలుసుకునే పరీక్ష ఏదైనా ఉందా అని అడగని ఇల్లు ఉండదు. ఈ భయానికి మందు అన్నట్టుగా ఇప్పుడు చాలా పరీక్షలు అమ్మకానికి ఉన్నాయి. ఉమ్మి నమూనాను పోస్టులో పంపితే జన్యు నివేదిక ఇస్తామనే సంస్థలున్నాయి. రక్తంలో పదుల కొద్దీ జన్యువులను ఒకేసారి చదివే ఆసుపత్రి పరీక్షలున్నాయి. రోగి కణితి ముక్కపై చేసే పరీక్షలున్నాయి. ఆరోగ్యంగా ఉన్నవారికి తక్కువ మోతాదు సీటీ స్కాన్ ఉంది. వీటన్నిటికీ ముందు, కాగితమూ కలమూ తప్ప ఖర్చు లేని కుటుంబ చరిత్ర ఉంది.

ఇవన్నీ ఒకే ప్రశ్నకు జవాబిస్తాయని అనుకోవడం వల్లనే డబ్బు దండగ అవుతోంది. ఏది ఎంచుకోవాలన్న దానిపై నా అభిప్రాయం ముందే చెప్పి, తరువాత కారణాలు వివరిస్తాను. జన్యు పరీక్ష చేయించదలచుకుంటే అది జబ్బు పడిన మనిషితోనే మొదలు కావాలి. ఆరోగ్యంగా ఉన్నవారి విషయంలో జన్యువుల కంటే ముందు లెక్కించవలసినవి వారు పొగ తాగిన, పొగ పీల్చిన సంవత్సరాలు. ఉమ్మి కిట్టుకు ఈ వరుసలో దక్కేది చివరి స్థానం. చాలా మందికి దాని అవసరమే ఉండదు.

కణితిలోని మార్పు వేరు, పుట్టుకతో వచ్చిన మార్పు వేరు

రోగి నివేదికలో ‘ఈజీఎఫ్‌ఆర్ పాజిటివ్’ అని, అంటే కణితిలో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువు మారిందని, కనిపించగానే పిల్లలందరూ తమకూ ఆ జన్యువు వచ్చి ఉంటుందని హడలిపోవడం మామూలైపోయింది. ఆ హడలుకు ఆధారం లేదు. ఆ మార్పు దాదాపు ఎప్పుడూ రోగి ఊపిరితిత్తిలోని ఒక కణంలో, ఆయన బతికిన కాలంలో, పుట్టినది. ఆ కణం పెరిగి కణితి అయింది కాబట్టి కణితి అంతటా ఆ మార్పు ఉంటుంది, కానీ ఆయన రక్తంలోని ఇతర కణాలలో ఉండదు, సంతానానికి అందదు. మన దేశంలో ఎడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులలో దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు కణితిలో ఈ ఈజీఎఫ్‌ఆర్ మార్పు కనిపిస్తుంది. పొగ తాగని స్త్రీలలో మరింత ఎక్కువగా కనిపిస్తుంది. ఇది ఒక రకంగా మంచి వార్తే, ఎందుకంటే జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఓసిమర్టినిబ్ వంటి మాత్రలు పనిచేసేది ఈ మార్పు ఉన్నవారికే.

పుట్టుకతో వచ్చే మార్పు తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి, ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉంటుంది. దాన్ని వెతకడానికి రక్తమో ఉమ్మో సరిపోతుంది. వంశం గురించిన ప్రశ్నకు జవాబిచ్చేది ఈ రెండో రకం పరీక్ష ఒక్కటే. నమూనా ఇచ్చే ముందు అది దేని కోసమో, అంటే రోగికి మందు ఎంచుకోవడం కోసమా, కుటుంబంలో ముప్పు తెలుసుకోవడం కోసమా అన్నది, ల్యాబ్ వారిని స్పష్టంగా అడగాలి. రెండింటికీ ‘జీన్ టెస్ట్’ అన్న ఒకే పేరు వాడడం వల్ల కౌంటర్ దగ్గరే గందరగోళం మొదలవుతుంది.

సికిల్ సెల్ లాంటి జవాబు ఇక్కడ దొరకదు

కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల వారికి జన్యు పరీక్ష అనగానే గుర్తుకు వచ్చేది సికిల్ సెల్ అనే వారసత్వ రక్త జబ్బు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద ఊళ్లలో రక్త పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. అక్కడ లెక్క సూటిగా ఉంటుంది: మార్పు చెందిన జన్యువు ఒకటి ఉంటే వాహకులు, రెండూ ఉంటే జబ్బు. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలోనూ అలాంటి కార్డే చేతికి వస్తుందని ఆశించేవారు నిరాశ పడక తప్పదు.

2008 ఏప్రిల్‌లో మూడు వేర్వేరు పరిశోధక బృందాలు ఒకేసారి 15వ క్రోమోజోముపై ఒక ప్రాంతాన్ని గుర్తించాయి. అక్కడ నికోటిన్‌ను పట్టుకునే గ్రాహకాలను తయారుచేసే జన్యువులు వరుసగా ఉన్నాయి. వాటిలో సీహెచ్‌ఆర్‌ఎన్‌ఏ5 అనే జన్యువులో ఒక్క అక్షరం మారితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతున్నట్టు తేలింది. ఆ మార్పు ఒక ప్రతి ఉన్నవారికి ముప్పు సుమారు 30 శాతం, రెండు ప్రతులు ఉన్నవారికి సుమారు 80 శాతం ఎక్కువ. ఆశ్చర్యకరమైన విషయం ఏమిటంటే, ఈ మార్పు ఉన్నవారికి ఎక్కువ నికోటిన్ వల్ల కలిగే వెగటు తగ్గుతుంది. అందువల్ల వారు మరికాస్త ఎక్కువ తాగుతారు, మానడం వారికి మరికాస్త కష్టమవుతుంది. జీవితంలో ఎన్నడూ పొగ తాగనివారిలో ఈ మార్పుకూ క్యాన్సర్‌కూ సంబంధం దాదాపు కనిపించదు. అంటే పొగాకు చేయి కలిపితే తప్ప ఈ జన్యువు పెద్దగా హాని చేయదు.

ఆ తరువాత 5వ క్రోమోజోముపై టెర్ట్ అనే జన్యువు ఉన్న ప్రాంతమూ ఈ జాబితాలో చేరింది. క్రోమోజోముల కొసలను కాపాడే ఎంజైమును తయారుచేసే జన్యువు ఇది. ఆసియాలోని పొగ తాగని స్త్రీలలో వచ్చే ఎడినోకార్సినోమాతో దీనికి సంబంధం ఉన్నట్టు పలు అధ్యయనాలు చూపాయి కాబట్టి, మన వైపు వంటింటి ఆడవారి విషయంలో 15వ క్రోమోజోము కంటే ఇది ఎక్కువ ఆలోచించదగినది. అయినా ఇక్కడ కూడా ముప్పు పెరుగుదల పరిమితమే. 2017లో 29,266 మంది రోగులను, 56,450 మంది ఆరోగ్యవంతులను పోల్చిన పెద్ద అధ్యయనం మొత్తం 18 ప్రాంతాలను గుర్తించగా, వాటిలో 10 కొత్తవి. ఆ అధ్యయనంలో పాల్గొన్నవారు ప్రధానంగా ఐరోపా సంతతివారు. వారిలో లెక్కగట్టిన జన్యు ముప్పు స్కోరును గంజాం తెలుగువారికి యథాతథంగా అంటగట్టడం శాస్త్రీయం కాదు. మన జనాభాల జన్యు సమాచారం ఇప్పుడిప్పుడే పోగవుతోంది. జీనోమ్ ఇండియా కార్యక్రమం 10,000 మంది భారతీయుల జన్యుక్రమాల సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చినది 2025 జనవరిలోనే.

శాతాలు వినడానికి పెద్దగా ఉంటాయి కాబట్టి వాటిని మనుషుల లెక్కలోకి మార్చి చూడాలి. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020లో వెలువరించిన అంచనా ప్రకారం, మన దేశంలో పుట్టిన ప్రతి 68 మంది మగవారిలో ఒకరికి 74 ఏళ్లలోపు ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. వెయ్యి మందికి అది సుమారు 15. ముప్పు 30 శాతం పెరిగిందంటే స్థూలంగా ఆ 15 కాస్తా 19 లేదా 20 అవుతుంది. మిగిలిన 980 మందికి ఆ జన్యువు ఉన్నా జబ్బు రాదు. జన్యు నివేదికలో ఎర్ర రంగులో ‘అధిక ముప్పు’ అని అచ్చువేసిన చోట ఈ నాలుగైదుగురి తేడాయే దాగి ఉంటుంది.

దీని పక్కన పొగ లెక్క పెట్టి చూడండి. బ్రిటన్‌లో మగవారిపై 2000లో ప్రచురితమైన ప్రసిద్ధ అధ్యయనం ప్రకారం, జీవితాంతం సిగరెట్లు తాగినవారిలో 75 ఏళ్లలోపు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం దాదాపు 16 శాతం. 60 ఏళ్ల వయసులో మానేస్తే అది 10కి, 50లో మానేస్తే 6కి, 40లో మానేస్తే 3కి, 30లో మానేస్తే 2కి దగ్గరగా దిగుతుంది. ఇప్పటివరకు కనుగొన్న సాధారణ జన్యు మార్పులలో ఒక్కటి కూడా ఈ స్థాయిలో మనిషి భవిష్యత్తును అటూ ఇటూ కదపలేదు. డెన్మార్క్, ఫిన్లాండ్, నార్వే, స్వీడన్ కవలలు రెండు లక్షల మందికి పైగా ఉన్న 2016 అధ్యయనంలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వారసత్వ పాలు సుమారు 18 శాతమని తేలింది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు అదే అధ్యయనంలో 57 శాతం వచ్చింది. 18 శాతం అంటే కొడుకుకు జబ్బు వచ్చే అవకాశం అంత అని కాదు. జనాభాలో మనిషికీ మనిషికీ ఉన్న ముప్పు తేడాలలో ఆ మేరకు జన్యువులు కారణమని మాత్రమే అర్థం.

అరుదైనా పట్టించుకోవలసినవి

సాధారణ మార్పుల సంగతి ఇలా ఉన్నా, కొద్ది కుటుంబాలలో నిజంగా బలమైన వారసత్వ మార్పులు ఉంటాయి. వాటిలో అన్నిటికంటే ఎక్కువ చెప్పుకోదగినది ఈజీఎఫ్‌ఆర్ జన్యువులోని టీ790ఎం. పుట్టుకతోనే ఈ మార్పు ఉండి, ఒకే ఇంట్లో పలువురికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన కుటుంబాన్ని 2005లో తొలిసారి వర్ణించారు. పైన చెప్పిన కణితి మార్పుల నియమానికి ఇదొక మినహాయింపు. జెఫిటినిబ్ లేదా ఎర్లోటినిబ్ వాడిన తరువాత కణితి మందుకు లొంగడం మానేసినప్పుడు దాదాపు సగం మందిలో టీ790ఎం కొత్తగా కనిపిస్తుంది. అది వారసత్వం కాదు. అయితే మాత్ర ఒక్కటి కూడా మింగకముందే, మొదటి బయాప్సీలోనే టీ790ఎం కనిపిస్తే, అది పుట్టుకతో వచ్చినదేమో అని అనుమానించి రక్త పరీక్ష చేయించాలి. ఒకే మార్పుకు, కనిపించిన వేళను బట్టి, ఇలా రెండు అర్థాలు ఉంటాయి. రోగి మొదటి నివేదికను జాగ్రత్తగా దాచమనడానికి ఇది పెద్ద కారణం.

చిన్న వయసులోనే రకరకాల క్యాన్సర్లు వచ్చే ఇళ్లలో టీపీ53 అనే జన్యువులో మార్పు ఉండవచ్చు. బీఆర్‌సీఏ2 అనే జన్యువు చివరి భాగంలోని ఒక అరుదైన మార్పు, పొగ తాగేవారిలో ఎక్కువగా వచ్చే స్క్వామస్ రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పును రెండు రెట్లకు పైగా పెంచుతుందని 2014లో తేలింది. ఊపిరితిత్తుల రోగి రక్తంలో హానికరమైన బీఆర్‌సీఏ మార్పు బయటపడితే దాని వల్ల ఎక్కువ ప్రయోజనం పొందేది తరచుగా ఆయన అక్కచెల్లెళ్లూ కూతుళ్లే, ఎందుకంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్లను ముందుగా పట్టుకునే మార్గాలు వారికి తెరుచుకుంటాయి.

కుటుంబ చరిత్ర: ఖర్చు లేని పరీక్షను సరిగా చేయడం

తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానంలో ఎవరికైనా ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉంటే మిగతావారికి ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుందని అనేక దేశాల సమాచారం కలిపి చూసిన పరిశోధనలు చెబుతున్నాయి. ఒక్క జన్యు మార్పును చదివే పరీక్ష కంటే ఈ ప్రశ్నే ఎక్కువ సమాచారం ఇస్తుందన్న మాట. అయితే మనవాళ్లు దీన్ని సగమే చేస్తారు. వంశం అనగానే ఇంటిపేరు పట్టుకుని తండ్రి, తాత, పెదనాన్న, చిన్నాన్నల పేర్లు చెబుతారు. తల్లి వైపు మేనమామలూ పెద్దమ్మలూ, పెళ్లయి టెక్కలికో పలాసకో వెళ్లిన మేనత్తలూ లెక్కలోకి రారు. జన్యువులకు ఇంటిపేరుతో పని లేదు. రెండు వైపుల వారినీ, ఒక్కొక్కరికి ఏ భాగంలో క్యాన్సర్ వచ్చింది, ఏ వయసులో వచ్చింది, ఏమి తాగేవారు, ఏ పొయ్యి దగ్గర బతికారు అన్న నాలుగు వివరాలతో రాయాలి. ‘ఛాతీలో గడ్డ’తో పోయారని చెప్పుకునే పెద్దలలో కొందరికి నిజానికి క్షయ, కొందరికి వేరే చోట మొదలై ఊపిరితిత్తులకు పాకిన క్యాన్సర్ ఉండి ఉంటుంది; పాత కాగితం దొరికితే తప్ప దాన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్‌గా లెక్కించకూడదు.

మేనరికం చేసుకున్న ఇళ్లలో ఒకే మనిషి రెండు వైపుల నుంచీ బంధువు అవుతాడు. ఆయన్ని రెండుసార్లు రాసి ‘ఇద్దరు రోగులు’ అనుకునే పొరపాటు జరగకుండా చూసుకోవాలి. మేనరికం వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరుగుతుందేమో అన్న భయం మాత్రం అక్కరలేదు. మేనరికంతో బయటపడేవి ప్రధానంగా రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బులు. పైన చెప్పిన మార్పులు ఒక్క ప్రతితోనే తమ ప్రభావం చూపేవి.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. ఒకే ఇంట్లోవారికి జన్యువులతో పాటు పొగ కూడా ఉమ్మడి ఆస్తే. తాతకు చుట్ట, తండ్రికి బీడీ, తల్లికి కట్టెల పొయ్యి, అందరికీ ఆ గదిలోని గాలి ఉన్నప్పుడు, జబ్బు వరుసగా రావడానికి జన్యువే కారణమని తీర్పు చెప్పలేము. కట్టెల పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న వర్గంలో ఉంచింది. బయటి గాలి కాలుష్యాన్ని 2013లో నిశ్చితమైన కారకాల వర్గంలో చేర్చింది. గంజాం నుంచి శ్రీకాకుళం, విశాఖ తీరం దాకా కొందరు ఆడవారికి అడ్డపొగ, అంటే వెలుగుతున్న కొసను నోటిలోపల పెట్టుకుని చుట్ట తాగే అలవాటు ఉంది. దాని ప్రధాన ప్రమాదం అంగిలి క్యాన్సర్. అలాంటి అమ్మమ్మో నాయనమ్మో ఇంట్లో ఉంటే ఆమెకు జన్యు పరీక్ష గురించి ఆలోచించడానికి ముందు దగ్గరలోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలో నోటి పరీక్ష చేయించండి. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడింటి క్యాన్సర్లకు ప్రభుత్వ ముందస్తు పరీక్షలు ఉన్నాయి. ఊపిరితిత్తులకు అలాంటి జాతీయ కార్యక్రమం లేదు.

పరీక్షలను పక్కపక్కన పెడితే

రోగి బతికి ఉండి, బయాప్సీలో ఎడినోకార్సినోమా అని తేలితే, కణితి ముక్కపై ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే వంటి మార్పుల పరీక్షకు పోటీ లేదు. దానికి పెట్టిన డబ్బు నేరుగా మందు ఎంపికలో కనిపిస్తుంది. ఇందుకు కావలసినది బయాప్సీ చేసిన చోట కణితి ముక్కను పొదిగి భద్రపరిచే మైనపు బ్లాక్. బరంపురంలో బయాప్సీ చేయించి, వైద్యానికి విశాఖకో భువనేశ్వర్‌కో వెళ్లేవారు నివేదిక కాగితం మాత్రమే పట్టుకుని వెళ్లి, బ్లాక్ కోసం మళ్లీ రైలెక్కవలసి వస్తుంది. ఊరు కదిలే ముందే వైద్యుల చీటీతో పాథాలజీ విభాగం నుంచి బ్లాకులు, స్లైడులు తీసుకుని వెళ్లడం మేలు. ముక్క సరిపోని చోట రక్తంలో తేలే కణితి డీఎన్ఏను వెతికే లిక్విడ్ బయాప్సీ ఉంది. అందులో ఏమీ కనిపించకపోతే మార్పు లేదని నిర్ధారణ కాదు కాబట్టి, ముక్క దొరికే అవకాశం ఉన్నంతవరకు దానికే ప్రాధాన్యం ఇవ్వాలి.

రోగి రక్తంతో పలు జన్యువులను ఒకేసారి చదివే వారసత్వ ప్యానెల్ పరీక్ష అందరికీ అక్కరలేదు. రోగి వయసు 45 లేదా 50 లోపు ఉన్నప్పుడు, ఒకే వైపు దగ్గరి బంధువులలో ఇద్దరు ముగ్గురికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినప్పుడు, వారు పొగ తాగనివారైనప్పుడు, ఇంట్లో చిన్న వయసు రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్లు కూడా ఉన్నప్పుడు, లేదా కణితి పరీక్షలో టీ790ఎం వంటి సూచన ముందే బయటపడినప్పుడు దాన్ని అడగడం సమంజసం. డెబ్బై ఏళ్లు నిండి, నలభై ఏళ్లు బీడీ తాగిన తాతగారి ఒక్క కేసు కోసం ఈ పరీక్షకు వేల రూపాయలు పోయవలసిన పని లేదు. పరీక్షకు ముందు, తరువాత జన్యు సలహా ఇచ్చేవారు ఉన్నచోటే చేయించాలి. నివేదికలో ‘ప్రాముఖ్యం నిర్ధారణ కాని మార్పు’ అని వస్తే దాని అర్థం ఇంకా తెలియలేదని మాత్రమే; దాన్ని చూసి పిల్లలకు పరీక్షలు చేయించడం, సంబంధాలు ఆపుకోవడం అనవసరం. ప్రపంచ సమాచార నిధులలో మన జనాభా తక్కువగా ఉండడం వల్ల భారతీయుల నివేదికలలో ఈ మాట ఎక్కువగా వస్తుంది.

ఉమ్మి కిట్టు విషయానికి వస్తే, అది సాధారణంగా చదివేది పైన చెప్పిన చిన్న చిన్న మార్పులనే. అరుదైన బలమైన మార్పులను చాలా కిట్లు పూర్తిగా చదవవు కాబట్టి ‘ముప్పు తక్కువ’ అన్న ఫలితం తప్పుడు ధైర్యం ఇస్తుంది. అదే చూపి చుట్ట మానని పెద్దమనిషిని ఇక ఎవరు ఒప్పించగలరు? జీఎస్‌టీఎం1 వంటి ‘విష నిర్మూలన జన్యువుల’ పేరుతో పొడులూ మాత్రలూ అంటగట్టే నివేదికలను మరింత అనుమానంగా చూడాలి. ఆ జన్యువులపై పాత అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు, అవి చూపిన ప్రభావమూ స్వల్పమే. బీటా కెరోటిన్ మాత్రలైతే పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను పెంచాయని 1990లలో జరిగిన రెండు పెద్ద ప్రయోగాలలో బయటపడింది.

తక్కువ మోతాదు సీటీ: ఎవరికి మేలు

ఆరోగ్యంగా ఉన్న కుటుంబ సభ్యులకు అసలైన ప్రత్యామ్నాయం ఇదే, అయితే అందరికీ కాదు. అమెరికాలో 53,454 మందితో జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో, ఎక్స్‌రేతో పోలిస్తే ఈ స్కాన్ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. అందులో చేరినవారు 55 నుంచి 74 ఏళ్ల భారీ పొగరాయుళ్లు. అదే అధ్యయనంలో అనుమానాస్పదంగా కనిపించిన ప్రతి 100 స్కాన్లలో 96 చివరకు క్యాన్సర్ కానివిగా తేలాయి. క్షయ మచ్చలు ఇంటింటా కనిపించే మన ప్రాంతంలో ఇలాంటి తప్పుడు గంటలు ఇంకా ఎక్కువ మోగుతాయి, ఒక్కొక్క గంటకూ మరో స్కానో సూదో తప్పదు. అమెరికా 2021 నుంచి 50–80 ఏళ్ల వయసువారిలో, రోజుకు ఒక పెట్టె చొప్పున కనీసం 20 ఏళ్లు తాగి, ఇంకా తాగుతున్న లేదా మానేసి 15 ఏళ్లు దాటనివారికి ఏటా స్కాన్ సిఫారసు చేస్తోంది. బీడీ, చుట్ట, పికా (ఆకులో చుట్టిన పొగాకు) తాగేవారు రోజుకు ఎన్ని, ఎన్నేళ్లు అన్నది ఉన్నదున్నట్టు చెబితే ఛాతీ వైద్యులు లెక్క కడతారు.

పొగ తాగకపోయినా తల్లికో తండ్రికో తోబుట్టువుకో జబ్బు వచ్చినవారి సంగతిలో తైవాన్ వేరే దారి పట్టింది. అక్కడ పొగ తాగని 12,011 మందికి స్కాన్ చేస్తే 2.6 శాతం మందిలో క్యాన్సర్ కనిపించింది. దగ్గరి బంధువులకు జబ్బు ఉన్నవారిలో ఆ శాతం మరింత ఎక్కువ. 2022 నుంచి కుటుంబ చరిత్ర ఉన్నవారిని కూడా వారు జాతీయ కార్యక్రమంలో చేర్చారు. ఆ పద్ధతి మరణాలను తగ్గిస్తుందా, లేక ఎన్నటికీ ప్రమాదం కాని చిన్న మచ్చలను పట్టుకుని కోయిస్తుందా అన్న వాదం ఇంకా నడుస్తోంది. అందుచేత పొగ తాగని, నలభై దాటని పిల్లలకు నేను దీన్ని సూచించను. ఇద్దరు ముగ్గురు దగ్గరి బంధువులకు జబ్బు వచ్చి యాభై దాటినవారు వైద్యులతో మాట్లాడి నిర్ణయించుకోవచ్చు.

లక్షణాలు ఉన్నవారికి ఈ చర్చ వర్తించదు. రెండు మూడు వారాలు దాటిన దగ్గు, గళ్లలో (తెమడలో) రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ముందుగా గళ్ల పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ క్రిమిని వెతికే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు ఉచితం. గళ్లలో క్షయ క్రిమి దొరక్కపోయినా ఎక్స్‌రే నీడను చూసి క్షయ మందులు మొదలుపెట్టి, వారాలు గడిచినా గుణం కనిపించకపోతే, కోర్సు పూర్తయ్యేదాకా ఆగకుండా సీటీ, బయాప్సీ గురించి అడగాలి. మన వైపు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆలస్యంగా బయటపడడానికి జన్యువుల కంటే ఈ నెలల జాప్యమే పెద్ద కారణమని నా నమ్మకం.

ఎక్కడికి వెళ్లాలి

దగ్గరలో ఉన్నది చాలు అనుకునే మొదటి దశకు బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల, కొరాపుట్ సహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల సరిపోతాయి. క్యాన్సర్ అని తేలాక బరంపురం వారికి కటక్ ఆచార్య హరిహర క్యాన్సర్ సంస్థ, భువనేశ్వర్ ఎయిమ్స్ దగ్గర. రాయగడ, జయపురం, పర్లాకిమిడి వారికి విశాఖ కేజీహెచ్, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి రైలు దారిలో అనుకూలం. భాష కూడా చిన్న విషయం కాదు: తెలుగులో వివరంగా అడిగి తెలుసుకోగలిగిన చోట జన్యు సలహా మరింత ఉపయోగపడుతుంది. వారసత్వ పరీక్ష నిజంగా అవసరమైన కొద్ది కుటుంబాలకు హైదరాబాదు నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. 2025 ఏప్రిల్‌లో ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ మొదలైన తరువాత ఆ కార్డు ఇతర రాష్ట్రాలలోని నమోదిత ఆసుపత్రులలోనూ చెల్లుతుంది. అయితే జన్యు పరీక్ష ఆ ప్యాకేజీలో ఉందో లేదో నమూనా ఇవ్వకముందే అక్కడి ఆయుష్మాన్ కౌంటర్‌లో అడగాలి. పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ 1800-112-356కు ఫోను ఖర్చు కూడా లేదు.

రోగి రక్తంలో బలమైన వారసత్వ మార్పు ఒకటి నిజంగా బయటపడిందనుకుందాం. అప్పుడు అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పిల్లలకూ ఒక్కొక్కరికి అది ఉండే అవకాశం సగానికి సగం. వారు మొత్తం ప్యానెల్ చేయించుకోనక్కరలేదు. ఆ ఒక్క మార్పును మాత్రమే వెతికే పరీక్ష చాలు, దాని ధరా తక్కువే. అందులో మార్పు లేదని తేలినవారి పిల్లలకు ఆ వైపు నుంచి అది అందదు, అక్కడితో ఆ శాఖలో వెతుకులాట ఆగిపోతుంది. పద్దెనిమిది నిండని పిల్లలకు ఈ పరీక్ష చేయించకుండా, పెద్దయ్యాక వారే నిర్ణయించుకునేలా వదలాలి. చీపురుపల్లికో సోంపేటకో ఇచ్చిన ఆడపిల్లకు ఈ సంగతి చేరవేసేటప్పుడు, ముందుగా ఆమెకే విడిగా చెప్పి, అత్తవారింట్లో ఎవరికి ఎంతవరకు చెప్పాలన్నది ఆమెకే విడిచిపెట్టాలి.